డబ్బాపాలు కలిపే ముందు గుడ్డలు లెక్కబెట్టండి

ప్రశ్న: సిజేరియనై నాలుగు రోజులు. నాకింకా పాలు సరిగ్గా పడలేదు. పాప రాత్రంతా ఏడుస్తా ఉంది. చనుమొనలు పగిలి, నోరు పెట్టిస్తే ప్రాణం పోతోంది. డబ్బాపాలు పట్టేయమంటోంది మా అత్త. పట్టొచ్చా?
– ఒక బాలింత, చంద్రగిరి

జవాబు: ఏడుపును బట్టి పాలు చాలాయో లేదో తేల్చలేం. తడిసిన గుడ్డల్ని బట్టి తేల్చొచ్చు. నాలుగో రోజుకి 24 గంటల్లో కనీసం నాలుగు సార్లు, ఐదో రోజు నుంచి ఆరు సార్లకు తగ్గకుండా పాప ఒంటేలు పోయాలి. నల్లగా జిగటగా వచ్చే దొడ్డి ఐదో రోజుకల్లా పసుపు రంగుకి తిరగాలి. డైపర్ వేస్తే ఈ లెక్క అందదు, ఎంత తడిసినా పైకి పొడిగానే ఉంటుంది. మొదటి పది రోజులు పాత నూలు పంచె చింపిన గుడ్డలే నయం. ఐదో రోజు దాటాక కూడా గుడ్డ మీద ఇటుక రంగు మరక పడుతుంటే, దొడ్డి ఇంకా నల్లగానే ఉంటే పాలు చాలడం లేదని అర్థం.

బరువు కూడా చూపించండి. పుట్టిన బరువులో కొంత తగ్గడం మామూలే. పదో వంతు, అంటే 3 కిలోల బిడ్డ 300 గ్రాములు తగ్గితే మాత్రం అదే రోజు పిల్లల డాక్టర్ చూడాలి. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి మళ్లీ రావాలి. అత్తగారికి నచ్చజెప్పాలన్నా మన మాటలకన్నా తూకం రాసిన కాగితమే బాగా పనిచేస్తుంది.

ఇక పాలు పడకపోవడం. సిజేరియన్ అయినవాళ్లకి ఇది ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. అందాకా వచ్చే ముర్రుపాలు చూడ్డానికి కొంచెమే, కానీ మొదటి రోజు బిడ్డ పొట్టకి ఒక్కో విడతకి ఒక చిన్న చెంచాడు పాలే ఎక్కువ. పాలు ఊరేది బిడ్డ చీకే కొద్దీ. రోజుకి 8 నుంచి 12 సార్లు, రాత్రిళ్లు కూడా పట్టాలి. ఒక పూట డబ్బాపాలు పట్టి బిడ్డని నిద్రపుచ్చితే ఆ పూట రొమ్ము ఖాళీ కాదు, మర్నాడు ఊరేది ఇంకా తగ్గుతుంది. నిజంగా పైపాలు అవసరమని డాక్టర్ చెబితే సీసాతో కాకుండా ముక్కున్న ఉగ్గుగిన్నెతో పట్టండి. ఆవుపాలు, నీళ్లు కలిపినవైనా సరే, వద్దు.

మొనలు పగలడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: బిడ్డ మొనని మాత్రమే పట్టుకుంటోంది. మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. కుట్లు నొప్పిగా ఉంటాయి కాబట్టి పక్కకి తిరిగి పడుకుని, పాప పొట్ట మీ పొట్టకి ఆనేలా పెట్టుకోండి. చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండాలి. మొనని పాప పై పెదవికి తాకించి, ఆవులించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగి, అప్పుడు పాపనే రొమ్ము దగ్గరికి లాక్కోండి. రొమ్మునే పాప నోట్లోకి తోస్తే మళ్లీ మొనే దొరుకుతుంది. సరిగ్గా పట్టుకుంటే గడ్డం రొమ్ముకి ఆనుతుంది, కింది పెదవి బయటికి తిరుగుతుంది, గుటక వినిపిస్తుంది. కాసేపయినా నొప్పి తగ్గకపోతే పీకేయకండి. శుభ్రమైన చిటికెన వేలు పెదవి మూల నుంచి లోపలికి పెట్టి పట్టు వదిలించి, మళ్లీ మొదలుపెట్టండి.

తాగించాక రెండు చుక్కల పాలు పిండి మొనకి రాసి గాలికి ఆరనివ్వండి, సబ్బు పెట్టొద్దు. పగిలిన మొన నుంచి కాస్త రక్తం బిడ్డ కడుపులోకి వెళ్లినా ప్రమాదం లేదు. రొమ్ములో ఒకచోట ఎర్రగా గట్టిపడి జ్వరం వస్తే మందు కావాలి, పాలు మాత్రం ఆపకూడదు.

ప్రశ్న: ఐదు రోజుల బాబు. కళ్లు, మొహం పచ్చబడ్డాయి. పొద్దున ఎండలో పెడితే చాలంటున్నారు, పసరు పోయిస్తామనీ అంటున్నారు.
– పలమనేరు

జవాబు: నెలలు నిండి పుట్టిన బిడ్డకి రెండో మూడో రోజు కామెర్లు కనబడి, ఐదో రోజుకి ఎక్కువై, రెండు వారాల్లోపు తగ్గడం మామూలే. పగటి వెలుతురులో నుదుటి మీద, రొమ్ము మీద, కాళ్ల మీద వేలితో నొక్కి వదిలి చూడండి. పసుపు మొహం నుంచి కిందికి దిగుతుంది. అరిచేతులూ అరికాళ్లూ పచ్చబడితే, పాలకి లేవకుండా మగతగా ఉంటే, ఆ రోజే పెద్దాసుపత్రి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడితే కూడా అంతే. మీది ఓ గ్రూపో, నెగెటివ్ గ్రూపో అయితే వెళ్లగానే చెప్పండి.

కామెర్లు తగ్గించేది నీలం లైటు. తిరుపతి, చిత్తూరు ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉంది. మన ఎండలో బిడ్డని బట్టల్లేకుండా పడుకోబెడితే ఒళ్లు కాలుతుంది, నీరు తగ్గుతుంది, కామెర్లు మాత్రం అలాగే ఉంటాయి. పసరు అసలొద్దు. తల్లి కూరలో పసుపు మానేయడం వల్ల ఒరిగేదీ లేదు. పాలు ఎక్కువ సార్లు పట్టండి, ఆ పసుపు దొడ్డిలోనే బయటికి పోతుంది.

ప్రశ్న: మే నెలలో కాన్పు. ఈ ఎండలకి పాపకి నీళ్లు తాపాలంటుంది మా జేజి. తేనె, వస రాయొచ్చా? విటమిన్ చుక్కలు తప్పనిసరా?
– శ్రీకాళహస్తి

జవాబు: ఆరు నెలలదాకా నీళ్లు వద్దు. తల్లిపాలలో 87 శాతం పైన నీళ్లే. ఎండ ఎక్కువైతే ఇంకో రెండు సార్లు రొమ్ము పట్టండి, ఫ్యాను వేయండి, మూడు గుడ్డలు చుట్టకండి. నీళ్లు తాగాల్సింది మీరు. పత్యం పేరుతో బాలింతకి నీళ్లు తగ్గించడం మన వైపు ఇంకా పోలేదు, అది మానాలి.

తేనె ఏడాది నిండేదాకా నాలుకకి తగలనివ్వకూడదు, అందులో ఉండే ఒక క్రిమి పసిబిడ్డ నరాల్ని చచ్చుపరుస్తుంది. వస, గ్రైప్ వాటర్ రెండూ వద్దు. బొడ్డుకి పసుపు, నూనె, బూడిద పెట్టొద్దు, పొడిగా వదిలేస్తే ఒకటి రెండు వారాల్లో ఊడిపోతుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో మందు వేయకుండా 108కి ఫోన్ చేయండి.

విటమిన్ డి మాత్రం రోజుకి 400 యూనిట్లు వేయాలి. అయితే బజారులో ఒక మి.లీ.కి 400 ఉన్న సీసాలూ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. డాక్టర్ ‘ఒక మి.లీ.’ అని రాసిన చీటీకి షాపులో వేరే కంపెనీది ఇస్తే, లేబుల్ చదివి 800 అని ఉంటే అర మి.లీ. మాత్రమే వేయండి.