పాఠకుల ప్రశ్నలు: అమ్మతో హంపికి, అనంతపురం నుంచి రైల్లో

ప్రశ్న: మా అమ్మగారికి డెబ్బై ఏళ్లు. ఆమెకు హంపి చూపించాలని నాకు ఎప్పటినుంచో ఉంది. కారులో అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోలేరు కనుక రైల్లో తీసుకువెళ్లాలనుకుంటున్నాను. మా ఊరి నుంచి నేరుగా బండి ఉందా? మరొక చిక్కు కూడా ఉంది. దీపం పెట్టే దిక్కులేని గుళ్లకూ, విరిగిన విగ్రహాల దగ్గరికీ పోకూడదని అమ్మ అంటున్నారు. ఆమెకు ఏమని నచ్చజెప్పాలి?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: నేరుగా బండి ఉంది. బెంగళూరు మీదుగా హుబ్బళ్లికి వెళ్లే హంపి ఎక్స్‌ప్రెస్ హిందూపురం, ధర్మవరం, అనంతపురం, గుంతకల్లు, బళ్లారి దాటి తెల్లవారాక హోస్పేట చేరుతుంది. బండి పేరులో హంపి ఉన్నా ఆ ఊళ్లో స్టేషన్ లేదు. హోస్పేటలో దిగి, సుమారు 13 కిలోమీటర్లు బస్సులోనో ఆటోలోనో వెళ్లాలి.

అయితే టికెట్ తీసుకునేటప్పుడు తేదీ విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఈ బండి బెంగళూరులో రాత్రి బయలుదేరి, అనంతపురం వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. కాబట్టి శుక్రవారం రాత్రి భోజనం చేసి స్టేషన్‌కు బయలుదేరేవారు టికెట్ మాత్రం శనివారం తేదీకి తీసుకోవాలి. ఈ జవాబు రాస్తున్న నేనే ఒకసారి శుక్రవారానికి టికెట్ తీసుకుని, ఆ రాత్రి ప్లాట్‌ఫారం మీద చార్టులో పేరు వెతుక్కుని, నా బండి ముందు రోజు రాత్రే వెళ్లిపోయిందని తెలిసి, సంచి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాను. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. అమ్మగారి వయసు సరిగా నమోదు చేయించండి. 45 ఏళ్లు దాటిన స్త్రీలకు, ఖాళీని బట్టి, కింది బెర్తు ఇచ్చే ఏర్పాటు ఉంది. వృద్ధులకు ఒకప్పుడు ఉన్న చార్జీ రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు కనుక దాన్ని లెక్కలో వేసుకోకండి.

ఇక అమ్మగారి అభ్యంతరం. దాన్ని చాదస్తమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. పూజలు అందుకున్న చోట దీపం ఆరిపోతే మనసు కలుక్కుమనడం సహజమే. అందుకే ముందుగా విరూపాక్షుడి గుడికి తీసుకువెళ్లండి. 1565లో జరిగిన తళ్లికోట యుద్ధం తరువాత, విజయనగర రాజుల రాజధాని అయిన ఈ నగరం పాడుబడినా ఆ గుడిలో నేటికీ నిత్యపూజ జరుగుతోంది. దర్శనం అయ్యాక ఆమె మనసు కుదుటపడుతుంది. గుడి వెనుక భాగంలోని చీకటి గదిలోకి కూడా ఒకసారి తీసుకువెళ్లండి; చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురులో రాజగోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది.

ఆ తరువాత నరసింహస్వామి దగ్గరికి వెళ్లండి. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1528లో, ఒకే బండరాయిని మలిచిన 6.7 మీటర్ల విగ్రహం అది. చాలామంది ఉగ్రనరసింహుడని అంటారు గానీ నిజానికి ఆయన లక్ష్మీనరసింహుడే. ఒడిలో కూర్చున్న అమ్మవారి విగ్రహాన్ని ధ్వంసం చేశారు. అయినా స్వామిని చుట్టి పట్టుకున్న ఆమె చేయి ఆయన వీపు మీద అలాగే మిగిలింది. ఎదుట నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారికి అది కనిపించదు. అమ్మగారికి ఆ చేతిని చూపించండి. విరిగిన విగ్రహం దగ్గరికి ఎందుకు పోవాలో నాకంటే ఆ చేయే బాగా చెబుతుంది.

విఠలాలయాన్ని సాయంత్రానికి ఉంచుకోండి; మధ్యాహ్నం ఎండకు అక్కడి బండలు సెగలు కక్కుతాయి. వాహనాలను సుమారు కిలోమీటరు దూరంలోనే ఆపేస్తారు, అక్కడి నుంచి బ్యాటరీ బండ్లు నడుస్తాయి. మన యాభై రూపాయల నోటు మీద కనిపించే రాతిరథం ఇక్కడిదే. దాని ముందున్న ఏనుగులు మొదట అక్కడివి కావు. దగ్గరగా చూస్తే వాటి వెనుక పూర్వం ఉన్న గుర్రాల కాళ్లు, తోకలు ఇంకా రాతిలో కనిపిస్తాయి. రథం మీద ఒకప్పుడు ఇటుక గోపురం కూడా ఉండేదని 1856లో తీసిన ఫొటో చూపుతోంది. పగలు ముందుగా కమలమహల్ ప్రాంగణానికి వెళితే అక్కడ కొన్న టికెట్‌ను పారవేయకండి. అదే రోజున ఈ గుడికీ, కమలాపురం మ్యూజియానికీ అదే చెల్లుతుంది. అన్నీ ఒక్క రోజులో చూడాలన్న పట్టుదల వద్దు. హోస్పేటలో ఒక రాత్రి ఆగి, మిగిలినవి మరునాడు చూడవచ్చు.

ప్రశ్న: రెండు రోజులు సెలవు దొరకదు. కడపలో పొద్దున రైలెక్కి, రాత్రికి ఇల్లు చేరేలా విజయనగర కాలపు గుడి ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: తాడిపత్రి వెళ్లండి. గుంతకల్లు వైపు వెళ్లే బండ్లలో ఎర్రగుంట్ల, ముద్దనూరు దాటాక వస్తుంది. బండిని బట్టి సుమారు రెండు గంటల ప్రయాణం. అక్కడ చూడదగ్గ రెండు గుళ్లూ పూజలు జరిగేవే కనుక మధ్యాహ్నం తలుపులు మూస్తారు, పొద్దుటి బండినే పట్టుకోండి. చింతల వెంకటరమణస్వామి గుడిలో గరుత్మంతుడి మందిరం రాతిరథం ఆకారంలోనే ఉంది. హంపి రథానికి పట్టే జనసందోహం దీని చుట్టూ ఉండదు, తీరిగ్గా చుట్టూ తిరిగి చూడవచ్చు. పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాలు పూర్తికాకుండానే ఆగిపోయాయి. పైన శిఖరం లేకపోయినా కింది రాతిగోడల మీద అంగుళం ఖాళీ లేకుండా చెక్కారు. ముందు అక్కడికే వెళ్లండి. పొద్దుటి ఏటవాలు ఎండలో ఆ చెక్కడపు లోతులు స్పష్టంగా కనిపిస్తాయి.