మూడున్నర అడుగుల ఆర్‌టూ-డీటూ: 15,000 రూపాయల్లో అయ్యే పనేనా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ‘స్టార్ వార్స్’ సినిమాల్లోని ఆర్‌టూ-డీటూ రోబోను అసలు కొలతల్లో చేసి, వేసవి సెలవులు అయ్యేలోగా ఇంట్లో నడిపించాలని పట్టుబట్టింది. నేను 15,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టలేను. త్రీడీ ప్రింటర్ లేనిదే కుదరదనీ, ఒక్క గుండ్రటి తలకే ఆ డబ్బంతా అయిపోతుందనీ తెలిసినవారు భయపెడుతున్నారు. మా ఊళ్లో పాత ఇనుముతో చేయిస్తే చవకలో తేలుతుందా?
— తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఇనుము సంగతి చూద్దాం. నట్లు, బోల్టులు, గేరు చక్రాలు అతికి నిలువెత్తు విగ్రహాలు నిలబెట్టే శిల్పులు మీ తెనాలిలోనే ఉన్నారు కనుక మీకు ఆ ఆలోచన రావడం సహజమే. అయితే విగ్రహం ఉన్నచోట ఉంటే చాలు, మీ అమ్మాయి అడుగుతున్నది హాల్లోంచి వంటింట్లోకి వెళ్లాలి. బరువు పెరిగేకొద్దీ మోటార్లు, బ్యాటరీ, చక్రాలు అన్నీ పెద్దవే కావలసి వస్తాయి కాబట్టి, ఈ పనిలో డబ్బు మిగలాలంటే ముందు బరువు తగ్గాలి. మొత్తం 20 కిలోలు దాటనివ్వకండి.

త్రీడీ ప్రింటర్ లేదని దిగులు పడవలసిన పని లేదు. 1977లో విడుదలైన మొదటి సినిమా కోసం ఇంగ్లండ్‌లో తయారైన తొలి నమూనాయే ప్లైవుడ్‌ది. దానికి తలగా పెట్టినది ఒక పాత దీపం పైభాగం. సెట్ డెకొరేటర్ రోజర్ క్రిస్టియన్ విమానాల తుక్కులోంచి ఏరి తెచ్చిన భాగాలను దానిమీద అతికించారు, ఆ సినిమా కళా విభాగానికి వచ్చిన ఆస్కార్‌లో ఆయనకూ వాటా దక్కింది. ఇళ్లలో ఆర్‌టూ-డీటూలు చేసుకునే అభిమానుల సంఘం 1999లో ఆస్ట్రేలియాలో మొదలైంది. ఇంటింటికీ ప్రింటర్ అనే మాటే లేని రోజులవి, వారిలో చాలామంది చెక్కతో, పలుచని ప్లాస్టిక్ షీట్లతో పని కానిచ్చారు. మీరూ ఆ దారినే వెళ్లండి.

తల విషయానికి వస్తే, అసలు రోబో తల అడ్డుకొలత సుమారు 46 సెంటీమీటర్లు. టేపు పట్టుకుని సత్తు సామాన్ల దుకాణానికి వెళ్లి, వంటలవాళ్లు వాడే బాణలిని బోర్లించి చూడండి. అంచు నుంచి అంచుకు 46 సెంటీమీటర్లకు దగ్గరగా, అడుగు గుండ్రంగా ఉన్నది దొరికితే సగం తల దొరికినట్లే. సగమే అని ఎందుకంటున్నానంటే, బాణలి లోతు మనకు కావలసినదానికన్నా తక్కువే ఉంటుంది. అదృష్టవశాత్తు అసలు తలకు కూడా అడుగున నిటారుగా ఒక పట్టీ ఉంటుంది కనుక, తగ్గిన ఎత్తును ఆ పట్టీలో కలిపేస్తే చూసేవారు పసిగట్టలేరు. పిడుల రివెట్లు తీయించి, ఆ చిల్లులను పుట్టీతో పూడ్చి, ఎమెరీ కాగితంతో రుద్ది నునుపు చేయండి. కొలతల్లో పట్టుదలగల అభిమానులు దీన్ని ఒప్పుకోరు, కానీ వారెవరూ 15,000 రూపాయల్లో చేయడం లేదు.

ఒంటికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో నాలుగు వలయాలు కోయించి, వాటిని చెక్క రీపర్లతో నిలువుగా కలిపితే పీపా లాంటి చట్రం తయారవుతుంది. దానిమీద సైన్ బోర్డుల దుకాణంలో దొరికే 1 మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటును రెండు పొరలుగా చుట్టాలి. పై పొరలో తలుపుల ఆకారాలు కోసి తీసేస్తే లోపలి పొర కనిపించి, నిజంగా తెరుచుకునే అరల్లాగా లోతు వస్తుంది. ఇక్కడే నేనొకసారి దెబ్బతిన్నాను. లోపలి పొర చుట్టుకొలత 146 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చింది, రెండు పొరలూ ఒకే పొడవు కదా అని రెంటినీ కలిపి ఒకేసారి కోసేశాను. జిగురు రాసి పై పొర చుట్టేసరికి వీపున అర సెంటీమీటరుకు పైగా సందు నోరు తెరిచింది. షీటు మందం 1 మిల్లీమీటరైతే బయటి పొర సుమారు 6 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు ఉండాలన్నది ఎనిమిదో తరగతి లెక్కే. మీ అమ్మాయి చేత ఆ లెక్క ముందే కట్టించండి.

కాళ్ల గురించి ఆశ కాస్త తగ్గించుకోవాలి. సినిమాలో రెండు కాళ్ల మీద నిలబడినప్పుడు లోపల కెన్నీ బేకర్ అనే పొట్టి నటుడు ఉండేవారు. మూడు కాళ్లతో దొర్లేది రిమోట్‌తో నడిచే వేరే రోబో. అంత డబ్బున్న నిర్మాతలే రెండు పనులకు రెండు బొమ్మలు చేయించుకున్నారు గనుక, మీరు నిశ్చింతగా మూడు కాళ్లే ఎంచుకుని, ఒళ్లు వెనక్కు 18 డిగ్రీలు వాలేలా కాళ్లను స్థిరంగా బిగించేయండి. పక్క పాదాల్లో మోటార్లు, మధ్య పాదంలో అన్ని వైపులకూ తిరిగే క్యాస్టర్ చక్రం సరిపోతాయి. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీని ఒంట్లో పైన కాక, వీలైనంత కిందికి పెట్టండి. లేకపోతే గడప తగలగానే బోర్లా పడుతుంది.

డబ్బు పంపకం గురించి నా అభిప్రాయం ఇది: ఆరేడు వేలు కదిలే భాగాలకు ముందే తీసి పక్కన పెట్టండి, నాలుగు వేలు చెక్కకూ షీట్లకూ కేటాయించండి, మిగిలినదే రంగుకూ దీపాలకూ శబ్దానికీ. చాలామంది మొదట మెరిసే దీపాలు కొనేసి చివరికి చక్రాల దగ్గర చేతులెత్తేస్తారు. తల మీదా ఒంటి మీదా ఉండే పలకలకు మాత్రం నీలం రంగే వేయండి. అంతరిక్షంలోని సన్నివేశాల్లో ఆ పలకలు నల్లగా కనబడతాయి కదా అని మీ అమ్మాయి అడగవచ్చు. ఆ సన్నివేశాలను నీలి తెర (నీలాన్ని తీసేసి వెనుక వేరే దృశ్యం కలపడానికి వాడేది) ముందు తీయడం వల్ల వచ్చిన మార్పు అది.

ప్రశ్న: ఇలాంటి రోబోను చేసి పుట్టినరోజు వేడుకలకు అద్దెకు ఇవ్వవచ్చునా?
— విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఇవ్వకపోవడమే మంచిది. ఆ పాత్ర మీద హక్కులు లూకాస్‌ఫిల్మ్‌వి, ఆ సంస్థను 2012లో డిస్నీ కొనుగోలు చేసింది. సరదాగా చేసుకోవడం వేరు, దానితో వ్యాపారం చేయడం వేరు. అద్దె ఆలోచనే ఉంటే సొంత రూపంతో ఒక రోబోను ఊహించి చేయండి, పిల్లలు దాన్నీ అంతే ముద్దు చేస్తారు. ఇంట్లో చేసిన పనికి గుర్తింపు రాదని కూడా అనుకోకండి. 2015 నాటి ‘స్టార్ వార్స్’ చిత్రానికి ఆర్‌టూ-డీటూను తయారుచేసే పనిని బ్రిటన్‌కు చెందిన ఇద్దరు అభిమానులకే అప్పగించారు.

ప్రశ్న: పాత కార్ల నుంచి తీసిన రెండు వైపర్ మోటార్లను ఒకే ఇనుప పట్టీకి ఎదురెదురుగా బిగించి మా రోబోను నడుపుతున్నాను. తిన్నగా వెళ్లమంటే ఎడమకు లాగుతోంది. పైగా మలుపు తిప్పబోతే మోటార్లకు కరెంటు అందించే డ్రైవర్ బోర్డు కాలిపోయింది, ఇలా రెండుసార్లు జరిగింది. లోపం ఎక్కడుంది?
— హనుమకొండ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: మీ ఎంపిక మంచిదే. నిమిషానికి 50 చుట్లు తిరిగే వైపర్ మోటారుకు 10 సెంటీమీటర్ల చక్రం తగిలిస్తే రోబో నిమిషానికి సుమారు 16 మీటర్లు వెళుతుంది. జనం మధ్య తిరిగేదానికి అంతకన్నా వేగం అక్కర్లేదు.

బోర్డు కాలడానికి కారణం బహుశా మీ ఇనుప పట్టీ. కారులో బాడీయే ఎర్త్ కనుక చాలా వైపర్ మోటార్లలో నెగటివ్ తీగ మోటారు తొడుగుకే కలిసి ఉంటుంది. రెంటినీ ఒకే ఇనుప పట్టీకి బిగించి, మలుపు కోసం ఒకదాన్ని ముందుకూ ఒకదాన్ని వెనక్కూ తిప్పితే, ఒక తొడుగులో ప్లస్, రెండోదాంట్లో మైనస్ చేరి ఆ పట్టీలోనే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మల్టీమీటరుతో తీగకూ తొడుగుకూ మధ్య ఒకసారి పరీక్షించండి. బీప్ వస్తే మోటార్లను విడివిడిగా ప్లైవుడ్ మీద బిగించండి.

ఇక పక్కకు లాగడం. అద్దం తుడవడానికి మోటారు ఒకే దిక్కున తిరిగితే చాలు కనుక దాన్ని ఆ దిక్కుకే అనుకూలంగా చేస్తారు, ఎదురు తిప్పితే వేగం మారుతుంది. మీ రోబోలో మోటార్లు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి, ముందుకు వెళ్లేటప్పుడు ఒకటి తన దిక్కునా, రెండోది ఎదురు దిక్కునా తిరుగుతున్నాయి. హై స్పీడు తీగ వదిలేసి లో స్పీడు తీగ వాడితే ఈ తేడా బాగా తగ్గుతుంది. మిగిలినదాన్ని ఆర్డుయినో (డ్రైవర్ బోర్డుకు ఆదేశాలిచ్చే చిన్న కంట్రోలర్) ప్రోగ్రాములో సరిచేయవచ్చు: నేల మీద సుద్దతో ఐదు మీటర్ల గీత గీసి, వేగంగా తిరుగుతున్న మోటారు విలువను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, రోబో గీత వదలకుండా వెళ్లేవరకూ చూడండి. మూడో బోర్డు కొనేముందు మాత్రం బ్యాటరీ ప్లస్ తీగ మీద కార్లలో వాడే 20 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి వేయించండి.