పుల్లల కెటిల్ కొనబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఈ వేసవి సెలవుల్లో ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి ఈ న్యూజీలాండ్‌లోనే క్రైస్ట్‌చర్చ్ నుంచి మెకంజీ సరస్సుల వైపు వెళ్ళి గుడారం వేసుకుంటావనీ, గ్యాస్ స్టవ్ వద్దని పుల్లలతో నీళ్ళు కాచే కెటిల్ కొనబోతున్నావనీ నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన మూడు కెటిళ్ళ ఫొటోలను కూడా నాకు పంపి, వాటిలో ఏది మంచిదో చెప్పమంది. కుక్కర్ కూత పెడితే వంటింట్లోంచి పెరట్లోకి పారిపోయిన పిల్ల ఊరు కాని ఊళ్ళో నిప్పు రాజేస్తానంటోందని విని ముందు మురిసిపోయాను, ఆ తరువాత నాకు నిద్ర పట్టలేదు.

ఈ కెటిళ్ళను నువ్వు కొత్తగా చూస్తున్నావు గానీ వీటి సూత్రం మన ఇంటికి పాతదే. అమలాపురంలో మీ తాతగారి పెరట్లో స్నానాల నీళ్ళు కాచిన రాగి బాయిలర్‌ను నువ్వు చూడలేదు. దాని నడుమ నిలువునా ఒక గొట్టం, గొట్టంలో కొబ్బరి డొక్కల మంట, గొట్టం చుట్టూ నీళ్ళు ఉండేవి. మామూలు గిన్నె కింద మంట పెడితే వేడిలో చాలా భాగం పక్కలకు పోతుంది. ఇక్కడ మంట నీళ్ళ మధ్యలోనే ఉంటుంది కాబట్టి, పైకి పోయే వేడిగాలి దారి పొడుగునా నీళ్ళను కాస్తూ, కింది రంధ్రంలోంచి కొత్త గాలిని తనంతట తానే లాక్కుంటుంది. అందుకే గుప్పెడు చితుకులతో, నాలుగైదు నిమిషాల్లో లీటరు నీళ్ళు మరుగుతాయి. గాలి ఎంత వీస్తే అంత త్వరగా మరుగుతాయి.

నీ ఫొటోలలో మొదటిదైన థెర్మెట్ మా ఊరిదే. పామర్స్టన్ నార్త్‌లో జాన్ హార్ట్ అనే ఆయన దానిని 1929లో తయారుచేశాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో న్యూజీలాండ్ సైనికులు ఉత్తర ఆఫ్రికా ఎడారిలో దానిమీదే టీ నీళ్ళు కాచుకుని, దానికి బెంఘాజీ బాయిలర్ అని పేరు పెట్టుకున్నారు. రెండవదైన కెల్లీ కెటిల్ ఐర్లండ్‌లోని మేయో జిల్లా నుంచి వచ్చింది. మూడవది ఎవరు చేశారో ఫొటోలో ఎక్కడా కనిపించలేదు. నాకు నచ్చనిది అదే. ఎందుకో కింద రాస్తాను.

పరిమాణం గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. కెల్లీలో 0.6, 1.2, 1.6 లీటర్ల రకాలున్నాయి. నలుగురికి టీ, ఉప్మా నీళ్ళు కావాలంటే పెద్దదే మేలు. చిన్నదైతే రెండోసారి నింపి మళ్ళీ మంట వేయాలి, ప్రమాదాలు జరిగేది ఆ తొందరలోనే. కారులో వెళుతున్నారు కాబట్టి అల్యూమినియం తేలిక అన్న మాటకు లొంగకుండా స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తీసుకో. రాగిది చూడముచ్చటగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ మొదటి కెటిల్‌కు అంత డబ్బు పెట్టకు. ఏ లోహమైనా నీళ్ళు లేకుండా మంట మీద ఉంచితే పాడవుతుంది. తాతగారి బాయిలర్‌కు మాట్లు వేయడానికి మనిషి వచ్చినప్పుడల్లా, నీళ్ళు చూడకుండా నిప్పు వేసిందెవరన్న విచారణ ఇంట్లో రోజంతా నడిచేది.

నీళ్ళు ఎంత త్వరగా మరుగుతాయన్న దాన్ని బట్టి ఈ మూడింటినీ పోల్చి లాభం లేదు, మూడూ త్వరగానే మరిగిస్తాయి. మరిగిన తరువాత దాన్ని మంట మీద నుంచి ఎలా దించుతావు, ఎలా వంచుతావు అన్నది చూసి ఎంచుకో. ఈ మాట ఇంత పట్టుదలగా రాయడానికి కారణం మీ పెదనాన్న కుడి మణికట్టు. ఆ మచ్చ నువ్వు చూశావు. స్టవ్ మీద కాలిందని ఆయన నీతో చెప్పే ఉంటారు, అందరితోనూ అలాగే చెబుతారు.

మేము ఈ దేశం వచ్చిన కొత్తలో, ఒక స్నేహితుడి గొర్రెల పొలంలో అందరం కలిసిన రోజున జరిగింది అది. మా మనవటూ ప్రాంతంలో గాలి ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, ఇక్కడి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆ స్నేహితుడి కెటిల్ బాగా మండుతోంది, చిమ్నీ, అంటే నడిమి గొట్టం, లోంచి బూడిద రేగి కొమ్ము మీద పడుతోంది. నీళ్ళలో బూడిద పడకూడదనుకుని మీ పెదనాన్న గొలుసుకు వేలాడుతున్న బిరడాను తీసి కొమ్ముకు బిగించారు. మూత పెడితే వేడి పోదు, త్వరగా మరుగుతుంది అని నాకు పాఠం కూడా చెప్పారు. ఇంజనీరు గారు కదా, నేను నమ్మాను. కుక్కర్‌కు వెయిటు ఉంటుంది, వెయిటు పనిచేయకపోతే సేఫ్టీ వాల్వు ఉంటుంది. ఈ కెటిల్‌కు రెండూ లేవు, కొమ్ము ఒక్కటే దారి. లీటరు నీళ్ళు పూర్తిగా ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల చోటు కావాలి, అందులో పిసరంత ఆవిరి పుట్టినా బిరడా వెనుక ఎంత ఒత్తిడి చేరుతుందో నువ్వే లెక్క వేసుకో. కెటిల్ చప్పుడు చేయడం లేదు. ఇంకా మరగలేదేమిటని ఆయన వంగి, బిరడా పట్టుకుని లాగారు. మరుగుతున్న నీళ్ళు ఒక్క ఉదుటున చిమ్మి మణికట్టు నుంచి మోచేతి దాకా పడ్డాయి. ఇంకొక జానెడు ముందుకు వంగి ఉంటే అవి ముఖం మీదే పడేవి, ఆ జానెడు దూరం నాకు ఈనాటికీ కళ్ళకు కడుతుంది.

తరువాత జరిగింది మరీ అన్యాయం. మనవాళ్ళలో ఒకరు పరుగెత్తి టూత్‌పేస్ట్ తెచ్చి చేతి నిండా పూశారు. ఆసుపత్రిలో నర్సు ఓపికగా ఆ పేస్టునంతా కడుగుతుంటే, నొప్పికి ఈయన పళ్ళు బిగబట్టి నా చెయ్యి నలిపేశారు. కాలిన చోట టూత్‌పేస్టూ, ఇంకూ, నెయ్యీ, ఐసూ ఏదీ పెట్టకూడదు. వాచిపోక ముందే గాజులూ ఉంగరాలూ తీసేసి, చల్లని నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. అప్పుడే కుదరకపోయినా మూడు గంటల లోపల చేస్తే ప్రయోజనం ఉంటుంది. అందుకని కుళాయి గానీ, నిండిన నీళ్ళ క్యాను గానీ దగ్గర లేని చోట కెటిల్ వెలిగించకు. బొబ్బలు వస్తే, అవి చిన్నవైనా, డాక్టర్‌కు చూపించు. ముఖానికి తగిలినా, పెద్దగా కాలినా వెంటనే అత్యవసర నంబరు 111కు ఫోన్ చెయ్యి. కుక్కర్ కూతకు పారిపోయిన నిన్ను చూసి ఆ రోజుల్లో అందరం నవ్వాం గానీ, ఆ భయం కొంచెం మిగుల్చుకునే వెళ్ళు.

బిరడా నీళ్ళు మోసుకుపోవడానికి మాత్రమే. మంట వేయకముందే తీసి గొలుసుకు వదిలెయ్యి. ఆవిరి పోయే రంధ్రమున్న ఈల బిరడాలు కొన్ని వస్తున్నాయి, అవి వేరు, వాటిని తయారీదారు చెప్పినట్టే వాడు. ఎవరైనా పొరపాటున మామూలు బిరడాను బిగించి ఉండగా మంట మీద చూశావా, దానిని లాగకు, దగ్గరికి పోకు, అందరినీ దూరం జరిపి మంట ఆరి పూర్తిగా చల్లారేదాకా ఆగు. నీళ్ళను కొమ్ము మొదలు దాకా నింపకు, నిండుగా ఉంటే మరిగేటప్పుడు కొమ్ములోంచి ఎగిరి పడతాయి.

ఇప్పుడు పిడి విషయం. చిమ్నీ లోంచి మంట జానెడు పైకి లేస్తుంది, కాబట్టి పిడిని నిలువుగా పైకెత్తి ఒంటి చేత్తో పట్టుకుంటే చెయ్యి నేరుగా మంటలో ఉంటుంది. పిడిని పక్కకు అడ్డంగా వాల్చి, రెండు వైపులా రెండు చేతులతో పట్టుకుని, కెటిల్‌ను కింది నిప్పు పళ్ళెం మీద నుంచి ఎత్తి పక్కన పెట్టాలి. పోసేటప్పుడు ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేత్తో గొలుసు లాగితే అడుగు లేచి నీళ్ళు వంగుతాయి. నీ మూడవ ఫొటోలోని కెటిల్‌కు పిడి పొట్టిగా, చిమ్నీ మూతికి మరీ దగ్గరగా ఉంది, అడుగు వంచడానికి గొలుసు కూడా కనిపించలేదు. ధర సగమే అయినా దాన్ని వదిలెయ్యి. పుల్లలు వేసేటప్పుడు కూడా చిమ్నీ పైకి వంగకుండా పక్క నుంచి జారవిడువు.

దానిలో నీళ్ళు తప్ప మరేమీ కాచకు. టీ పొడి, పాలు, పంచదార అన్నీ అందులోనే వేసి మరిగించాలని నీకు తప్పక అనిపిస్తుంది, మన బుద్ధి అలాంటిది. మూతి ఇరుకు, లోపలికి చెయ్యి పోదు, మాడిన పాలను జన్మలో తోమలేవు. నీళ్ళు గిన్నెలోకి వంచుకుని టీ పొడి అందులో వేసుకోండి. వాగు నీళ్ళయితే తెర్లుతుండగా ఒక నిమిషం పూర్తిగా మరగనివ్వు, ఈ దేశపు వాగుల్లో కడుపు పాడుచేసే జియార్డియా అనే సూక్ష్మజీవి ఉంటుంది. మసి బయటి వైపు ఉంటే ఉండనీ, కెటిల్‌ను సంచిలో పెట్టుకుంటే చాలు.

పుల్లలుగా ఎండి రాలిన మనూకా అనే ఇక్కడి పొద కొమ్మలు, పైన్ కాయలు బాగుంటాయి. కంచె స్తంభాల ముక్కలు, పచ్చని ఛాయ ఉన్న కర్ర ముక్కలు ముట్టుకోకు, పురుగు పట్టకుండా వాటికి ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కిస్తారు. గుడారంలో గానీ, దాని వాకిట్లో గానీ వెలిగించకు, వాన కురిసినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

నీకు నచ్చని మాట ఒకటి మిగిలింది. కెటిల్‌లో దాచిన మంట కూడా చట్టం దృష్టిలో నిప్పే. మీ ఊరి పక్కన పోర్ట్ హిల్స్ 2017 ఫిబ్రవరిలో ఒకసారి, 2024 ఫిబ్రవరిలో మరోసారి తగలబడ్డాయి. కెటిల్‌ను బాగా మండించే ఆ గాలే నిప్పురవ్వను ఎండుగడ్డి మీదికి మోసుకుపోతుంది. మెకంజీ వైపు వేసవిలో నిప్పు నిషేధం ఉండటం మామూలే. బయలుదేరే రోజున అగ్నిమాపక శాఖ వారి ‘చెక్ ఇట్స్ ఆల్‌రైట్’ సైటులో ఆ చోటికి ఏ సీజన్ ప్రకటించారో, అంటే నిప్పుకు అనుమతి ఉందో, పరిమితి ఉందో, నిషేధమో చూడు, క్యాంపు స్థలం నిబంధనలు విడిగా అడుగు. నిషేధం ఉంటే కెటిల్ పెట్టె విప్పకు. గ్యాస్ స్టవ్‌ను అంత తీసిపారేయకుండా కారులో పెట్టుకో, అయితే నిషేధం గట్టిగా ఉన్న రోజుల్లో దానికైనా అనుమతి ఉందో లేదో అడిగే వెలిగించు. ఈ వేసవికి అదే గతి కావచ్చు. కెటిల్‌ను చలికాలంలో ఇక్కడికి పట్టుకురా. వానలు పడ్డాక అనుమతి చూసుకుని మన పెరట్లోనే వెలిగిద్దాం, మీ పెదనాన్న దూరంగా కుర్చీలో కూర్చుంటారు.

దుకాణానికి వెళ్ళినప్పుడు కెటిల్‌లో నీళ్ళు పోసి, పిడి అడ్డంగా వాల్చి ఎత్తి చూస్తానని అడుగు. ఒప్పుకోకపోతే మరో దుకాణానికి పో. 1.6 లీటర్ల స్టీలు దానికి డబ్బు నేను పంపుతున్నాను, మీ అమ్మతో చెప్పకు. ఏ క్యాంపులో ఎన్నాళ్ళు ఉంటారో మాత్రం ఇద్దరికీ రాసి పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ