రిటైరైన ఉపాధ్యాయులు ఓటర్ల కోసం ఏం చేయగలరు? జాబితా చదివి వినిపించగలరు

మీ నాన్నగారు ఈ ఏడాది హెడ్మాస్టరుగా రిటైరయ్యారనీ, ఊళ్ళో ఓటరు చైతన్యం కోసం ఏదైనా చేయాలనుకుంటున్నారనీ, ర్యాలీలు, ఉపన్యాసాలు కాకుండా ఏ పని చేస్తే బాగుంటుందనీ అడిగారు. నేను ముప్పయ్యేళ్ళకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి 2021లో రిటైరయ్యాను. ఓటర్ల జాబితా చేతపట్టుకుని రచ్చబండ మీద కూర్చోమనండి. అంతకు మించిన పని లేదు.

నాకీ పట్టుదల 2019 ఏప్రిల్ 11న పుట్టింది. ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ ఒకేసారి పోలింగ్. సొంత నియోజకవర్గంలో డ్యూటీ వేయరు కనుక, మా ఊరికి దూరంగా ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో ఒక ప్రాథమిక పాఠశాలలో ప్రిసైడింగ్ అధికారిగా ఉన్నాను. పదిన్నర ప్రాంతంలో అరవై దాటిన ఒకామె లోపలికి వచ్చింది. ఓటరు కార్డును పాలిథిన్ కవరులో చుట్టి, రవికలో దాచుకుని తెచ్చింది. మొదటి పోలింగ్ అధికారి పేరు వెతికి నా వైపు చూశాడు. జాబితాలో ఆమె పేరు మీద తొలగించినట్టు ముద్ర ఉంది.

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. కార్డు నా బల్ల మీద పెట్టి, సిరా పెట్టించుకోవడానికి ఎడమచేతి చూపుడువేలు చాచింది. మిరప కోతలకు వెళ్ళి వచ్చిన చేయి అది. గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయి ఉంది. దగ్గరికి వస్తే మిరపకాయ ఘాటు ఇంకా తెలుస్తోంది. ‘రాత్రి బస్సుకు బయలుదేరి వచ్చానయ్యా, రెండు రోజుల కూలి వదులుకున్నాను’ అంది. గదిలో ఉన్న పార్టీల ఏజెంట్లందరూ ఆమెను ఎరుగుదురు. ఈ ఊరి మనిషేనని ముక్తకంఠంతో చెప్పారు. అయినా నేను ఏమీ చేయలేకపోయాను. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాను. ఆమె కార్డును మళ్ళీ అదే కవరులో చుట్టుకుంది. వెళ్ళేటప్పుడు కూడా ఆ వేలు కాస్త చాచే ఉంది.

అప్పుడు వరుసలో ఉన్న ఒక కుర్రవాడు ఫోను చూపిస్తూ నాతో వాదనకు దిగాడు. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ‘49ఏ సెక్షన్ కింద ఛాలెంజ్ ఓటు’ అడగవచ్చని ఆ ఎన్నికలప్పుడు వాట్సాప్‌లో తెగ తిరిగింది. శుద్ధ అబద్ధం. ఛాలెంజ్ అంటే, వచ్చిన మనిషి అసలు ఓటరు కాదని ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం. మన పేరు మీద ఎవరో ముందే ఓటు వేసి వెళ్ళిపోతే ఇచ్చేది టెండర్ ఓటు. రెండింటికీ జాబితాలో పేరు ఉండాలి. ఇప్పటికీ ప్రతి ఎన్నికకూ ఆ సందేశం మళ్ళీ లేచి వస్తుంది. చదువుకున్నవాళ్ళే పంపిస్తారు, అదే నాకు ఒళ్ళుమంట.

ఆమె పేరు ఎలా పోయిందో ఏజెంట్ల మాటల్లో తెలిసింది. పత్తి తీతలకూ, ఆపైన మిరప కోతలకూ గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. జాబితా సవరణ సాధారణంగా జరిగేది కూడా ఆ శీతకాలంలోనే. ఇంటికి తాళం ఉంటే ‘ఊరు విడిచి వెళ్ళారు’ అని రాసుకుంటారు. నోటీసు ఇవ్వకుండా పేరు తీయకూడదు, నిజమే. కానీ తాళం వేసిన తలుపుకు అంటించిన నోటీసును ఎవరు చదవాలి? తాత్కాలికంగా ఊళ్ళో లేనంత మాత్రాన ఆ ఊరి నివాసి కాకుండా పోరని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆ ఒక్క ముక్క నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు. పాఠ్యపుస్తకంలో ఉన్నదల్లా ఓటు హక్కు వయస్సు 21 నుంచి 18కి తగ్గిందన్న సంగతే.

రిటైరైన ఏడాది నుంచే పని మొదలుపెట్టాను. ముసాయిదా జాబితా రాగానే మా పోలింగ్ కేంద్రం భాగం ప్రింటు తీసుకుంటాను. సాయంత్రం రామాలయం అరుగు మీద కూర్చుని ఇంటి నంబర్ల వరుసలో పేర్లు బిగ్గరగా చదువుతాను. పేరు వినిపించగానే ఎవరో ఒకరు పలుకుతారు. ‘ఆయన పోయి రెండేళ్ళయింది మాస్టారూ’, ‘మా కోడలి పేరు రాలేదే?’ కోడళ్ళది ప్రత్యేకమైన సమస్య. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఓటు పుట్టింట్లోనే ఉండిపోతుంది. ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8 చాలు. కొత్తగా చేరేవారికీ, పేరు పోయినవారికీ ఫారం 6. 2022 ఆగస్టు నుంచి పదిహేడు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అర్హత తేదీలు, అంటే ఏ తేదీకి పద్దెనిమిది నిండాలో ఆ తేదీలు, కూడా ఏడాదికి నాలుగయ్యాయి. మా పదో తరగతి పాత విద్యార్థులకు ఈ సంగతి చెప్పడానికి ప్రతి ఇంటి గడపా తొక్కాను.

తాళం వేసిన ఇళ్ళను విడిగా రాసుకుంటాను. పోయిన ఎన్నికల ముందు అవి నలభై మూడు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, మళ్ళీ ఏ నెలలో వస్తారో అడిగి, ఆ చీటీ మా పోలింగ్ కేంద్రం జాబితా చూసే బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి) అమ్మాయి చేతిలో పెట్టాను. ఆ అమ్మాయికి అంగన్‌వాడీ పని, సర్వేలు, యాప్‌లు ఉండనే ఉన్నాయి. తప్పంతా ఆమె మీద తోసేయడం అన్యాయం.

మొదటి ఏడాది అందరి అనుమానమూ ఒక్కటే: మాస్టారు ఏ పార్టీ తరఫున తిరుగుతున్నారు? అందుకే జాబితా పని మీద వెళ్ళిన ఇంట్లో టీ కూడా తాగను. పార్టీ మాట ఎత్తితే కాగితాలు మడిచి లేస్తాను. మీ నాన్నగారు కూడా ఈ నియమం పాటించాలి. ఒక్కసారి నమ్మకం పోతే తిరిగి రాదు.

ఏటా జనవరి 25న ఓటర్ల దినోత్సవం పేరిట పిల్లల చేత ముగ్గులు వేయిస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. ఆ గంటసేపూ అదే పిల్లల చేత వాళ్ళ వీధి జాబితా చదివిస్తే వందరెట్లు మేలు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటితే, హైదరాబాద్ స్థానంలో సగం కూడా కాలేదు. అందరూ నగరవాసుల బద్ధకాన్ని తిట్టిపోశారు. నేను ఒప్పుకోను. ఇల్లు మారినవారి పేర్లు పాత చిరునామాల్లో ఎన్ని మిగిలాయో, ఊళ్ళో ఒకటి, నగరంలో ఒకటి ఎన్ని ఉన్నాయో తేల్చకుండా ఆ శాతానికి అర్థం లేదు. ఓటు వేయనివారిలో సగం మంది వేయలేకపోయినవారేనని నా గట్టి నమ్మకం.

మీ నాన్నగారికి ఇంకొక్క మాట చెప్పండి. జాబితా చేతికి రాగానే మొదటి పేజీ నుంచి చదవవద్దు. చివర తొలగింపుల అనుబంధం ఉంటుంది. ముందు అది తెరవమనండి. అందులో ఒక్కొక్క పేరుకూ ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్ళి, మనిషి ఉన్నారో లేరో కళ్ళారా చూసి రమ్మనండి.