పేజీ నంబర్లు మాట వినాలంటే

ప్రశ్న: సిద్ధాంత గ్రంథాన్ని వర్డ్‌లో టైప్ చేశాను. ముఖపత్రం మీద నంబరు కనిపించకూడదు. ధ్రువపత్రం నుంచి విషయసూచిక దాకా రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి 1, 2, 3 రావాలి. ముఖపత్రం మీది నంబరు తీసేస్తే అన్ని పేజీల్లోనూ పోతోంది. ఏం చేయాలి?
– పరిశోధక విద్యార్థిని, చేపాక్, చెన్నై

జవాబు: వర్డ్‌లో నంబర్ల తీరు పేజీని బట్టి కాదు, సెక్షన్‌ని బట్టి మారుతుంది. సెక్షన్ అంటే ఒకే అమరిక నడిచే పేజీల భాగం. మీ ఫైలంతా ఒకటే సెక్షన్‌గా ఉన్నట్టుంది. కంట్రోల్+ఎంటర్ కొడితే కొత్త పేజీ వస్తుందే గాని కొత్త సెక్షన్ రాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ధ్రువపత్రం శీర్షికకు ముందు కర్సర్ పెట్టి లేఅవుట్, బ్రేక్స్‌లోకి వెళ్లి సెక్షన్ బ్రేక్స్ కింద ఉన్న నెక్స్ట్ పేజ్ నొక్కండి. మొదటి అధ్యాయం ముందూ ఇదే చేయండి. పాత పేజ్ బ్రేకులు అక్కడే ఉంటే మధ్యలో ఖాళీ పేజీ వస్తుంది. కంట్రోల్+షిఫ్ట్+8 నొక్కితే అవి కనిపిస్తాయి, చెరిపేయండి. సెక్షన్ బ్రేక్‌ని మాత్రం పొరపాటున చెరపకండి. దానికి పైనున్న భాగం కింది సెక్షన్ తీరుకు మారిపోతుంది.

ఇప్పుడు రెండో సెక్షన్ ఫుటర్ (పేజీ అడుగు భాగం) మీద డబుల్ క్లిక్ చేసి, పైన లింక్ టు ప్రీవియస్ ఆపేయండి. ఇది ఆపకుండా ముఖపత్రం నంబరు తీస్తే వెనకున్నవన్నీ దాంతోపాటే పోతాయి. హెడర్‌కూ (పేజీ పైభాగం) ఫుటర్‌కూ ఈ లింకు వేర్వేరు. నంబరు ఎక్కడుందో అక్కడిది ఆపితే చాలు. తర్వాత మొదటి సెక్షన్‌లో నంబరు తీసేయండి.

రోమన్ అంకెల కోసం కర్సర్‌ని రెండో సెక్షన్‌లోనే ఉంచి ఇన్సర్ట్, పేజ్ నంబర్, ఫార్మాట్ పేజ్ నంబర్స్ తెరవండి. చిన్న రోమన్ అంకెల వరస ఎంచుకుని, స్టార్ట్ ఎట్ దగ్గర మొదటి అంకె ఇవ్వండి. మూడో సెక్షన్‌లో మామూలు అంకెలు, స్టార్ట్ ఎట్ 1.

మధ్యలో ఎక్కడైనా పెద్ద పట్టిక కోసం పేజీని అడ్డంగా తిప్పితే దానికి ముందూ వెనకా సెక్షన్ బ్రేకులు పడతాయి. స్టార్ట్ ఎట్ 1 అన్నది వాటికీ అంటుకుని, నంబరు మళ్లీ 1కి వచ్చేస్తుంది. ఆ రెండుచోట్లా కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్ పెట్టాలి. ఆఖరున విషయసూచిక మీద క్లిక్ చేసి ఎఫ్9 నొక్కండి. వర్డే తయారుచేసిన సూచికైతేనే ఇది పనిచేస్తుంది. చేత్తో టైప్ చేసిందైతే దిద్దుకోవాల్సిందే.

ట్రిప్లికేన్‌లో ప్రింటుకు ఇచ్చేటప్పుడు ‘1 నుంచి 5’ అని ఊరికే చెప్పకండి, ఏ 1 అన్నది తేలదు. ప్రింట్ పెట్టెలో పీ1ఎస్3-పీ5ఎస్3 అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టమనండి. మూడో సెక్షన్‌లో ఒకటి నుంచి అయిదు దాకా అని అర్థం. అంతకన్నా పీడీఎఫ్ చేసి ఇవ్వడమే మేలు, ఫాంట్లు కూడా చెదరవు.

ప్రశ్న: మా ఆఫీసులో లిబ్రెఆఫీస్ వాడతాం. అందులో సెక్షన్ బ్రేక్ కనిపించడం లేదే?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: అక్కడ ఆ పని పేజ్ స్టైల్‌ది, అంటే పేజీ అమరికకు పేరు పెట్టి దాచుకున్న నమూనాది. ముందుమాటకు ఒకటి, అధ్యాయాలకు ఒకటి చొప్పున స్టైళ్లు చేసుకుని, రోమన్ అంకెలను మొదటి స్టైల్ పేజ్ ట్యాబ్‌లో ఎంచుకోండి. అధ్యాయం మొదలయ్యే చోట ఇన్సర్ట్ మెనూలో మాన్యువల్ బ్రేక్ తెరిచి, రెండో స్టైల్ ఎంచుకుని, నంబరు మార్చే గడిలో టిక్ పెట్టి 1 ఇవ్వండి. స్టైల్ ఎంచుకోనిదే ఆ గడి తెరుచుకోదు.