ఉత్సవ నిర్వాహకులతో ఏళ్ల తరబడి పరిశోధన: ముందే తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: సోషియాలజీలో ఎం.ఏ. చేశాను. సాంస్కృతిక ఉత్సవాలు జరిపే ఒక బృందంతో ఐదేళ్లు ఉండి పీహెచ్‌డీ చేయాలనుంది. ‘దీనివల్ల మాకేంటి?’ అంటున్నారు వాళ్లు. గైడేమో మరీ దగ్గరవ్వొద్దంటున్నారు. ఏం చేయను?

జవాబు: వాళ్లు అడిగినదాంట్లో తప్పేం లేదు. మీకు డిగ్రీ వస్తుంది, వాళ్లకు ఓ లావుపాటి థీసిస్ వస్తుంది. దాన్నెవరూ చదవరు. కాబట్టి ఉత్సవం అయిన కొద్ది వారాల్లోనే, వచ్చే ఏడాది బడ్జెట్ మాటలు మొదలుకాకముందే, రెండు పేజీల నోటు ఇస్తానని చెప్పండి. ప్రేక్షకుల సర్వే చేస్తే ఏటా అవే ప్రశ్నలు, అదే పద్ధతిలో అడగాలి. మధ్యలో ప్రశ్న మార్చారా, పోల్చడానికి ఏమీ మిగలదు.

ఏడాదికొకసారి జరిగేదైతే ఐదేళ్లలో మీరు చూసేది ఐదు ఉత్సవాలే. అసలు సరుకంతా మధ్య నెలల్లో ఉంటుంది: ఏ కళాకారుణ్ణి ఎందుకు వద్దనుకున్నారు, స్పాన్సర్ ఏ షరతు పెట్టాడు, అలిగి వెళ్లిపోయిన వలంటీరు ఎవరు, లెక్కలు ఎలా తేలాయి. ఆ మీటింగుల్లో కూర్చోనిస్తారో లేదో ముందే అడగండి. ఉత్సవం రోజున ఎలాగూ మీ చేత కుర్చీలు మోయిస్తారు, మోయండి. నోట్సు మాత్రం ఆ రాత్రే రాయాలి.

గైడ్ భయం అర్థమవుతుంది గానీ, దూరంగా ఉండి ఈ పని కాదు. పనిచేస్తూ, ఫలితం చూసుకుంటూ, మళ్లీ ప్లాన్ వేసుకునే ‘యాక్షన్ రీసెర్చ్’ గురించి సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లోనే రాశాడు. సొంత చిరాకుల కోసం వేరే డైరీ పెట్టుకోండి. న్యూగినియా దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో పనిచేసిన మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ కూడా పెట్టుకున్నాడు. ఆయన పోయాక 1967లో అది అచ్చయి పెద్ద దుమారమే రేగింది. మీది తాళం వేసి ఉంచండి!

ఒప్పందం కాగితం మీద ఉండాలి, అదీ కార్యదర్శి ఒక్కరితో కాదు, సంస్థతో. ఐదేళ్లలో కమిటీ మారకుండా ఉండదు. వివరాల్లో తప్పులుంటే వాళ్లు దిద్దవచ్చు, మీ నిర్ధారణలను ఆపే హక్కు మాత్రం ఉండకూడదు. దీని మీద రాజీపడొద్దు. పేర్లు మార్చినంత మాత్రాన ఎవరెవరో తెలియకుండా పోదు. ఉత్సవం గుర్తుపడితే మనుషుల్నీ గుర్తుపడతారు. ఆ సంగతి దాచకుండా చెప్పి, కొత్తగా చేరినవాళ్లతో సహా అందరి సమ్మతీ ఏటా తీసుకోండి.

రిజిస్ట్రేషన్‌కు ముందే వీలైతే ఒక ఉత్సవానికి మొదటి మీటింగు నుంచి లెక్కలు తేలేదాకా వలంటీరుగా ఉండండి. మీకు సరిపడని పనైతే అప్పుడే తెలిసిపోతుంది.