బస్తాల చెయ్యి పెట్టి చూసినంకనే పీఆర్ పంపు

హన్మకొండ

బిడ్డా,

ఓపెన్ సోర్స్‌ల, అంటే ఎవరన్న చదివి మార్చుకునేటట్టు బయట పెట్టిన కోడ్‌ల, పని మొదలుపెడ్తనంటున్నవు, గిట్‌హబ్ అనే కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్ల పదివేల స్టార్లున్న రిపో (ఒక ప్రాజెక్టు కోడ్ అంత ఉండే జాగ) ఒకటి చూసుకున్ననంటున్నవు. మంచిదే. గని స్టార్లు చూసి ప్రాజెక్టు ఎంచుకునుడంటే ఎనుమాముల మార్కెట్‌ల మూతి కాడి ఎర్రటి తేజ మిర్చి చూసి బస్తా కొన్నట్టే. అడుగున తాలు ఎంతున్నదో చెయ్యి లోపలికి పెడితేనే తెలుస్తది. స్టార్ అంటే ఎవరో ఒకనాడు నచ్చి బటన్ నొక్కిన్రని, గంతే. కొత్తోడు పంపిన పనిని అక్కడ ఎవరన్న చదువుతరా లేదా అన్నది స్టార్లు చెప్పవు. నీకు కావాల్సిన సంగతేమో అదే.

అది తెలిసే జాగ పుల్ రిక్వెస్టుల పేజీ. పుల్ రిక్వెస్ట్, పొట్టిగ పీఆర్, అంటే నా మార్పును మీ కోడ్‌ల కలుపుకోండని పంపే విన్నపం. ఓపెన్ ఉన్నయి ఇడిచిపెట్టి మూసేసినయి తెరువు, పైనుంచి ఇరవై తీసుకో. కాయితం మీద మూడు గళ్లు గీసి రాయి: పంపింది లోపలోళ్లా బయటోళ్లా, మనిషి రాసిన మొదటి జవాబు ఎన్ని రోజులకొచ్చింది, ఆఖరికి ఏమైంది. పేరు పక్కన ఓనర్, మెంబర్, కొలాబరేటర్ అని ఉంటే లోపలోళ్లనుకో. డిపెండాబాట్, రెనొవేట్ లాంటి బాట్లు (తమంతట తామే నడిచే ప్రోగ్రాంలు) పంపినవాటిని లెక్కల పట్టకు. అవి లైబ్రరీ వెర్షన్లు పెంచుకుంట పోతయి, కమిట్ల (కోడ్‌ల దాచిన ఒక్కో మార్పును కమిట్ అంటరు) పేజీ రోజూ కళకళలాడ్తది, ఇంట్ల మాత్రం మనిషుండడు. ఇరవైల బయటోళ్లవి అయిదారన్న ఉండి, వాటిల సగానికి వారం లోపల జవాబు వచ్చి ఉంటే నా లెక్కల అది పని చేయదగ్గ ప్రాజెక్టు. నెలదాక ఎవరూ పలకకుండ, చివరికి స్టేల్ బాట్ వచ్చి మూసేసినయి మూడు నాలుగు కనవడితే ఆ పేజీ మూసెయ్. ఆ బాట్‌ను ఏం మార్చకుండ పెడితే 60 రోజులు కదలిక లేనిదానికి గుర్తు పెట్టి, ఇంకో 7 రోజులకు మూస్తది. అంటే రెండు నెలలు ఒక్క మనిషి కూడ పలకలేదన్నట్టు.

రంగు చూసి మోసపోకు. గిట్‌హబ్‌ల మెర్జ్ అయితే, అంటే మార్పును కలుపుకుంటే, ఊదా రంగు, ఊకె మూసేస్తే ఎరుపు. అయితే నోడ్ జేఎస్‌లాంటి ప్రాజెక్టులల్ల మార్పును విడిగ మెయిన్ బ్రాంచిల (అసలు కోడ్‌ల) కలిపి, కింద ‘ల్యాండెడ్ ఇన్’ అని కమిట్ నంబర్ రాసి పీఆర్‌ను మూసిన సందర్భాలు మస్తుగ ఉంటయి. పైకి ఎర్రగ ఉన్నా అవి తీసుకున్నయే. ఇంకొన్ని రిపోలు గిట్‌హబ్‌ల ఒట్టి అద్దం లెక్క ఉంటయి. లైనక్స్ కెర్నల్ ప్యాచ్‌లు ఈమెయిల్‌ల తీసుకుంటది, లిబ్రె ఆఫీస్ కోడ్ గెరిట్ అనే వేరే సాధనంల తీసుకుంటది. అసొంటి కాడ గిట్‌హబ్ పీఆర్ పంపితే తాళం ఏసిన ఇంటి తలుపు కొట్టినట్టే. రీడ్‌మీ అనే పరిచయం ఫైల్ల గానీ, పని ఎట్ల పంపాల్నో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైల్ల గానీ ఈ ముక్క ఉంటది, ముందుగాల చదువు.

లెక్క కట్టినంక బయటోళ్ల పీఆర్లు రెండు, ఒకటి తీసుకున్నది, ఒకటి వద్దన్నది, మొదటి అక్షరం నుంచి చివరిదాక చదువు. నేనైతే వద్దన్నదానికే ఎక్కువ విలువిస్త. ‘ఈ ఫంక్షన్‌కు ఖాళీ స్ట్రింగ్ వస్తే నీ మార్పు పడిపోతది, ఫలానా టెస్ట్ ఫైల్ల ఇట్లాంటిదే ఉన్నది, చూసి మల్ల పంపు’ అని రాసే మెయింటెయినర్ (ప్రాజెక్టును చూసుకునే మనిషి) దగ్గర నువ్వు ఆర్నెల్లల్ల మస్తు నేర్చుకుంటవు. కారణం చెప్పకుండ మూసేసినా, ముందు డాక్యుమెంట్లు చదువుకోని రా అని కసిరినా, నీకు కూడ రేపు అదే మర్యాద.

లైసెన్స్‌కు రెండు నిమిషాలు చాలు. లైసెన్స్ ఫైలే లేదంటే కోడ్ కనవడ్తున్నా హక్కులన్నీ రాసినోనియే, దాన్ని ఓపెన్ సోర్స్ అననేరాదు. ఎంఐటీ, అపాచీ 2.0, జీపీఎల్ లాంటివైతే రంది లేదు. ఆ తర్వాత వాళ్లు నీతోని సీఎల్ఏ (నీ కోడ్ మీద వాళ్లకు హక్కులు రాసిచ్చే ఒప్పందం) మీద సంతకం అడుగుతున్నరా, డీసీఓతోనే సరిపెడ్తున్నరా చూడు. డీసీఓ అంటే కమిట్ చేసేటప్పుడు ‘మైనస్ ఎస్’ తగిలిస్తే చాలు, ఈ కోడ్ పంపే హక్కు నాకున్నదని నీ పేరు, ఈమెయిల్ కింద పడ్తయి. సీఎల్ఏ పూర చదవాలె. కొన్నిటిల కంపెనీకి రేపు లైసెన్స్ మార్చుకునే అధికారం కూడ నీ సంతకంతోనే పోతది. సర్వర్లు ఏర్పాటు చేసే టెర్రాఫామ్ సాధనాన్ని 2023 ఆగస్టుల ఓపెన్ సోర్స్ లైసెన్స్ నుంచి ఓపెన్ సోర్స్ కాని బీఎస్ఎల్ లైసెన్స్‌కు మార్చిన్రు, దాని మీద లొల్లి అయ్యి ఓపెన్‌టోఫూ అనే ఫోర్క్ (పాత కోడ్ తీసుకోని విడిపోయిన ప్రాజెక్టు) పుట్టింది. సంతకం వద్దంటలేను, ఏం రాసిస్తున్నవో ఎరుకుండాలె.

ఇగ అసలు పరీక్ష బిల్డ్, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగ తయారుచేసుడు. రిపోను కొత్త ఫోల్డర్ల క్లోన్ చేసి (నకలు దించుకోని), రీడ్‌మీల ఎట్లున్నదో అట్లనే, నీ తెలివి కలపకుండ, ఒక్కొక్క కమాండ్ కొట్టుకుంట పో. పక్కన గడియారం పెట్టుకో. రెండు గంటలల్ల ప్రోగ్రాం నడిచి టెస్టులు తిరగాలె. ఎక్కడ ఆగిందో, ఏ ఎర్రర్ వచ్చిందో అక్షరం పొల్లుపోకుండ రాసిపెట్టుకో. పైథాన్ వెర్షనో నోడ్ వెర్షనో రీడ్‌మీల రాసింది పాతదై ఉండుడు మామూలే, దాన్ని సరిచేసే చిన్న పీఆరే నీ మొదటిది కావచ్చు. హాస్టల్ల ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేస్తున్నవు కాబట్టి క్లోన్ చేసేటప్పుడు డెప్త్ 1 అని పెట్టు, పాత చరిత్ర అంత దిగకుండ డేటా మిగులుతది. డాకర్ ఇమేజ్ (ప్రోగ్రాంకు కావాల్సినవన్నీ కట్టిన మూట) దించుకునే ముందు దాని సైజు చూడు.

నీ లాప్‌టాప్‌ల 8 జీబీ ర్యామ్. పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టును నింజా అనే బిల్డ్ సాధనంతోని బిల్డ్ చేస్తే అది ప్రాసెసర్ కోర్ల లెక్కన ఒకేసారి అన్ని ఫైళ్లు పట్టుకుంటది, ఒక్కొక్కటి ర్యామ్ తింటది, మధ్యల ‘కిల్డ్’ అని ఒక్క ముక్క పడి ఆగిపోతది. కోడ్‌ల తప్పేం ఉండదు, ఒకేసారి రెండే పట్టుకునేటట్టు ‘మైనస్ జే 2’ అని పెట్టి మల్ల నడిపి చూడు. క్రోమ్ బ్రౌజర్‌కు మూలమైన క్రోమియంకైతే వాళ్ల సూచనలల్లనే 100 జీబీ ఖాళీ జాగ కావాలని ఉంటది, నీ డిస్కే 256. దాని జోలికిప్పుడు పోకు. బిల్డ్ అయినంక నువ్వు ఒక్క అక్షరం ముట్టకముందే టెస్టులన్నీ నడిపి, ఎన్ని ఫెయిల్ అయితున్నయో రాసుకో. లేకుంటే వాళ్ల పాత తప్పులు రేపు నీ మీద పడ్తయి.

ఇష్యూలల్ల (తప్పులు, కావాల్సిన పనులు రాసే పేజీలల్ల) కొత్తోళ్లకు తగినవని ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ గుర్తు పెట్టినవాటిల పాత తారీఖులుంటే అనుమానించు. మూడేండ్ల కింద తెరిచింది, కింద తొమ్మిది మంది ‘నాకియ్యండి’ అని రాసిన్రు, మెయింటెయినర్ ఒక్కసారి కూడ పలకలేదు. అంటే పని ఎప్పుడో అయిపోయింది, లేకుంటే అనుకున్నదానికన్న కష్టమున్నది. దానికి ముడిపెట్టిన పీఆర్లు తెరిచి ఎక్కడ ఆగినయో చూడు. అడిగేటప్పుడు ఒట్టిగ ‘అసైన్ మీ’ అనకు. తప్పును నీ మెషీన్ మీద తెప్పించి, ఏ ఫైల్ల ఏ ఫంక్షన్ దగ్గర వస్తున్నదో రెండు లైన్లు రాయి. రీడ్‌మీల ఊకె నీ పేరు చేర్చే ఆట అసలే వద్దు. 2024ల ఎక్స్‌ప్రెస్ జేఎస్ రిపో మీద అసొంటి పీఆర్లు కుప్పలు పడి మెయింటెయినర్లకు తలనొప్పి అయింది. ఏఐతోని రాసిన కోడ్ తీసుకుంటరా లేదా అన్నది కూడ చదువు, జెంటూ లైనక్స్ ప్రాజెక్టు 2024 ఏప్రిల్ల వద్దని తీర్మానం చేసింది.

గిట్ షార్ట్‌లాగ్ కమాండ్‌తోని ఏడాది కమిట్లు పేరు పేరున లెక్క తియ్యి. డెప్త్ 1 తోని దించినదాంట్ల పాత చరిత్ర ఉండదు, ఈ లెక్కకు ముందు ఏడాది చరిత్ర కూడ దించుకో. తొంభై శాతం ఒక్కల పేరు మీదనే ఉంటే, ఆయన పెండ్లికి పోయినా జరమొచ్చినా ప్రాజెక్ట్ ఆగుతది. అట్లని వదిలెయ్యాల్నని కాదు, చిన్న ప్రాజెక్టులల్ల మంచోళ్లుంటరు. తొందరపెట్టుడు మాత్రం వద్దు. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రాజెక్టుల దొంగదారి 2024 మార్చిల బయటపడ్డది కదా, దానికి ముందు అలిసిపోయిన ఒక్క మెయింటెయినర్‌ను తెల్వని పేర్లతోని మెయిళ్లు రాసి సతాయించిన్రు, కొత్తోని చేతికి అధికారం పోయేటట్టు చేసిన్రు. అందుకే ఆదరాబాదర చేసే కొత్తోన్ని చూస్తే ఇప్పుడు వాళ్లకు భయం. పీఆర్ పంపినంక వారం ఆగి ఒక్కసారి మర్యాదగ గుర్తుచెయ్యి, ఇంకో మూడు వారాలు చూసి వేరే పని చూసుకో. మొదటి పీఆర్‌కు సీఐ (పీఆర్ మీద తనంతట తానే నడిచే పరీక్షలు) నడవకుండ ఆగి ఉంటే కంగారు పడకు, కొత్తోళ్లకు మెయింటెయినర్ అనుమతిస్తేనే అది కదులుతది.

ఒక సంగతి నీ చేతిల ఉన్నది, పెద్ద పెద్దోళ్ల దగ్గర లేదు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిల ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. పేరును ఇన్ని అక్షరాల కాడ కోసెయ్యాలని రాసిన యాప్ దీన్ని నడుమ తెంపి ‘స్త్’ అని చూపిస్తది. ‘రాష్ట్రం’ టైప్ చేసి బ్యాక్‌స్పేస్ కొట్టి చూడు, కర్సర్ ఎక్కడ నిలవడ్తదో చూడు. నువ్వు ఎంచుకున్న ప్రాజెక్టుల తెర మీద అక్షరాలుంటే ఈ రెండు మాటలతోని పది నిమిషాలు ఆడు. తప్పు దొరికితే స్క్రీన్‌షాట్, వెర్షన్ నంబర్, ఎట్ల రావాల్నో ఎట్ల వచ్చిందో రాసి ఇష్యూ తెరువు. తెలుగు రాని మెయింటెయినర్‌కు అది బంగారం.

వచ్చే ఐతారం లాప్‌టాప్ పట్టుకోని రా. మూడు రిపోలకు ఇరవై చొప్పున రాసిన కాయితాలు, బిల్డ్‌ల ఆగిన కాడి ఎర్రర్లు తెచ్చుకో. కూసోని ఒకటి తేలుద్దాం.

మీ కాక